అర సెకను

మొత్తం కదిలేది మూరెడు.
పైకి మూరెడు, కిందికి మూరెడు, పక్కలకు ఇంకాస్త తక్కువ.
ఆరు ఇనుప కాళ్ళ మీద ఒక డబ్బా,
డబ్బాలో పన్నెండు కుర్చీలు, ఎదురుగా ఒక తెర.
గ్డీనియా రేవు పక్కన, చేపల వేపుడు కొట్టు వెనకాల
పదకొండేళ్ళుగా తలుపు వేసి మీట నొక్కుతున్నాను.
రోజుకు నలభైసార్లు మనుషుల్ని సముద్రం అడుక్కి పంపి
నాలుగు నిమిషాల పది సెకన్లకు
బూట్లు తడవకుండా వెనక్కి తెచ్చుకుంటాను.

మొదటిసారి ఎక్కినవాళ్ళు మొసలిమూతి రాకాసి చేపనే చూస్తారు.
చూడాలి మరి, డబ్బిచ్చింది దానికే.
రెండోసారి, అది ఏ రాతి చాటునుంచి వస్తుందో చూస్తారు.
ఐదోసారికో ఆరోసారికో, మునిగిన ఓడ కిటికీలో
బొమ్మ గీసినవాడెవడో సరదాకి పెట్టిన టీ కెటిల్ కనబడుతుంది,
అంత నీళ్ళలోనూ ఆవిరి కక్కుతూ.
ఇరవయ్యోసారికి తెర వదిలేసి
పక్కవాడి మొహం చూస్తారు:
నాకు తెలిసింది వీడికింకా తెలియదు,
తెలుస్తుంది, ఇదిగో, ఇప్పుడే.

యాగ్నాకి తొమ్మిదేళ్ళు. ముందుపళ్ళు రెండూ లేవు.
వెనకవరసలో ఎడమ చివరి కుర్చీ తప్ప కూర్చోదు.
అక్కడ కుదుపు ఎక్కువట. నిజమే.
మధ్యలో పెద్దవాళ్ళు కూర్చుంటారు, అంటుంది జాలిగా.

పాన్ వీటోల్ద్ మంగళవారాలు వస్తాడు.
ముప్పై ఏళ్ళు రేవులో క్రేను నడిపిన మనిషి.
మూడో కుర్చీ, ఒళ్ళో టోపీ.
బెదురుచూపులు చూసే కొత్తవాళ్ళకి
"ఏం లేదు, ఊరికే ఊగుతుంది" అని ధైర్యం చెప్పి
అగాధం అంచున అందరికన్నా ముందు తనే కేక పెడతాడు.

ఆ అంచు దగ్గరే ఒక లోపం ఉండేది.
ఏదో కవాటం అరిగిపోయి
బొమ్మ పడిన అర సెకనుకు గానీ డబ్బా పడేది కాదు.
కన్ను ముందే దూకేసేది.
ఒళ్ళు ఇంకా గట్టునే నిలబడి
దానివంక తెల్లబోయి చూసేది.
ఆ సందులో పన్నెండుమందీ ఊపిరి బిగబట్టడం
బయటున్న నాకు వినపడేది,
ఏమీ వినపడకపోవడంగా.

పోయిన చలికాలం పోజ్నాన్ నుంచి ఒకాయన వచ్చాడు.
కవాటం మార్చాడు, నూనె మార్చాడు,
ఇక గడియారమే అని చేతులు తుడుచుకుని వెళ్ళాడు.

యాగ్నా దిగింది. మళ్ళీ వరసలో నిలబడలేదు.
"ఇంకోరోజు" అంది. ఆ మాట ఆ పిల్ల నోట ఎన్నడూ విన్లేదు.
పాన్ వీటోల్ద్ టోపీ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"బరువుకి కొక్కెం తగిలించాక, అది లేచేలోపు,
తాడు బిగిసే క్షణం ఒకటుంటుంది.
అప్పుడది నేలదీ కాదు, నాదీ కాదు.
దానికోసమే వచ్చేవాణ్ణి ఇక్కడికి.
ఏం చేశారమ్మా దాన్ని?"

పోజ్నాన్‌కి ఫోను చేశాను.
బాగుచేసినదాన్ని చెడగొట్టమంటే
బిల్లులో ఏమని రాయను, అని నవ్వాడాయన.
కాసేపాగి, గొంతు తగ్గించి,
మూడో పేజీ, కింద నుంచి రెండో గడి, అన్నాడు.
సున్నా ఉంటుంది. ఐదు చెయ్యి.
నేను చెప్పలేదు.

బడికి సెలవైన ఒక మంగళవారం.
తలుపు వేసి, మీట నొక్కి,
చల్లటి రేకుకి చెవి ఆనించాను.
రాకాసి చేప వచ్చింది, పోయింది. ఎవరో దగ్గారు.
తర్వాత అంచు.

ఏమీ వినపడలేదు.

ఆ తర్వాత ముసలాయన కేక,
దాని వెనకే పళ్ళ సందులోంచి ఒక ఈల.

ఇద్దరూ దిగి చుట్టూ తిరిగొచ్చి
మళ్ళీ వరస చివర నిలబడ్డారు.
"అక్కా, మిషను బాగుచేశారా?" అంది యాగ్నా.
ఊఁ, అన్నాను.
బాగైంది.